ముందు పెట్టినోళ్లకే సీటా?

ఎంబీబీఎస్ సీటు రావాలంటే మార్కులతో పాటు గడియారం కూడా కలిసి రావాలన్న నమ్మకం తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో గట్టిగా పాతుకుపోయి ఉంది. ఇంటర్వ్యూలు ఉన్న కాలంలో ఏ రోజు పిలుస్తారో, ఎన్నో మనిషిగా లోపలికి పంపుతారో అన్నదాని మీద ఆ నమ్మకం ఆధారపడి ఉండేది. ఇంటర్వ్యూలు పోయి దశాబ్దాలైంది, నమ్మకం మాత్రం పోలేదు. ఇప్పుడది వెబ్ ఆప్షన్ల మీదికి మారింది. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆప్షన్లకు తేదీలు ప్రకటించగానే నెట్ సెంటర్ల ముందు చెప్పులు పోగవుతాయి. "ముందు పెట్టినోళ్లకే సీటంట, రాత్రికే పెట్టేయండి" అని పక్కింటివాళ్లు ఫోన్ చేసి మరీ చెబుతారు. నాలుగు రోజులు గడువున్నా మొదటి గంటలోనే సర్వర్ మొరాయిస్తుంది. రాత్రి పన్నెండు దాకా తెర మీద తిరిగే లోడింగ్ చక్రాన్ని చూస్తూ, తమ కన్నా ముందు ఇంకెవరో సీటు లాక్కుపోతున్నారని తల్లిదండ్రులు చెమటలు కక్కుతారు.

ఈ నమ్మకానికి ఆధారం లేదు. సీట్ల కేటాయింపు జరిగే పద్ధతిలో ఆప్షన్ పెట్టిన సమయాన్ని చూసే చోటే లేదు.

తిరుపతిలో ఈ నమ్మకం ఇంతగా బలపడడానికి కారణం ఊరిలోనే కనబడుతుంది. శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్ కౌంటర్లలో సర్వదర్శనం టోకెన్లు వరసలో ముందున్నవాళ్లకే దక్కుతాయి. ఆన్‌లైన్‌లో మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలైతే చూస్తుండగానే అయిపోతాయి. వేళ్లు చురుగ్గా ఆడినవాడికి టికెట్, ఓటీపీ ఆలస్యంగా వచ్చినవాడికి నిరాశ. ఇలాంటి ఊళ్లో పెరిగిన మనిషికి ఆన్‌లైన్‌లో పంచేదేదైనా ముందొచ్చినవాడిదేనని అనిపించడంలో వింత లేదు. అయితే అదే తిరుమల దేవస్థానం సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవలకు ఇంకో పద్ధతి నడుపుతోంది. వాటికి గడువులోగా ఎప్పుడైనా పేరు నమోదు చేసుకోవచ్చు. గడువు ముగిశాక కంప్యూటర్ లక్కీ డిప్ తీస్తుంది. మొదటి నిమిషంలో నమోదు చేసుకున్న భక్తుడికీ చివరి గంటలో చేసుకున్న భక్తుడికీ అక్కడ తేడా లేదు. మెడికల్ కౌన్సెలింగ్ మూడు వందల టికెట్ లాంటిది కాదు, డిప్ లాంటిది. కాకపోతే డిప్‌లో అదృష్టం ఉన్న చోట ఇక్కడ నీట్ ర్యాంకు ఉంటుంది. రెండిటికీ తేడా తెలిసిన తిరుపతి వాసులే మెడికల్ సీటు దగ్గరికొచ్చేసరికి తడబడడం విడ్డూరం.

కేటాయింపు ఎలా జరుగుతుందో చూస్తే సంగతి తేలిపోతుంది. నీట్ ఫలితాలు వచ్చాక విశ్వవిద్యాలయం దరఖాస్తులు తీసుకుని, ధ్రువపత్రాలు పరిశీలించి, రాష్ట్ర మెరిట్ లిస్టు ప్రకటిస్తుంది. ఆలస్య రుసుముతో దరఖాస్తు చేసినవాళ్లు కూడా ఆ లిస్టులో తమ ర్యాంకు ఉన్న చోటే కూర్చుంటారు, అడుగున కాదు. తరవాత ఆప్షన్లకు కొన్ని రోజులు గడువిస్తుంది. ఆ గడువులో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరగా సేవ్ చేసిన వరసే లెక్క. గడువు ముగిసేదాకా ఒక్క సీటు కూడా ఎవరికీ వెళ్లదు. ముగిశాకే సాఫ్ట్‌వేర్ పని మొదలవుతుంది. మెరిట్ లిస్టులో అందరికన్నా పైనున్న విద్యార్థిని తీసుకుని, ఆ విద్యార్థి రాసుకున్న వరసలో మొదటి కాలేజీలో తగిన సీటు ఉందా అని చూస్తుంది. ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండోదానికి, మూడోదానికి దిగుతుంది. ఆ విద్యార్థి పని తేలాకే తరవాతి ర్యాంకు దగ్గరికి వెళుతుంది. తగిన సీటు అంటే కేటగిరీ, లోకల్ ఏరియా, మహిళల కోటా, దివ్యాంగుల కోటా, ఎన్‌సీసీ, క్రీడల వంటి లెక్కలన్నీ కలిపి. ఈ లెక్కలు చిక్కుగా ఉంటాయి, నిజమే. అయితే ఆ చిక్కులో ఎక్కడా గడియారం లేదు.

ముగ్గురు పిల్లలను ఊహించుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. రిజర్వేషన్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, మూడే సీట్లు మిగిలాయనుకోవాలి: తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీలో ఒకటి, చిత్తూరు అపోలోలో ఒకటి, కుప్పం పీఈఎస్‌లో ఒకటి. మెరిట్ వరసలో మొదట పుత్తూరు అబ్బాయి, తరవాత పలమనేరు అమ్మాయి, ఆఖర్న మదనపల్లె అబ్బాయి. మదనపల్లె అబ్బాయి మొదటి రోజు తెల్లవారుజామునే ఎస్వీ, అపోలో, కుప్పం అని పెట్టేసి నిద్రపోయాడు. పలమనేరు అమ్మాయి రెండో రోజు నాన్నతో కలిసి కూర్చుని ఎస్వీ, కుప్పం, అపోలో అని పెట్టింది. పుత్తూరు అబ్బాయి ఫోన్ పాడై ఆఖరి రోజు నలభై నిమిషాల ముందు నెట్ సెంటర్‌కు పరుగెత్తుకెళ్లి ఎస్వీ, అపోలో, కుప్పం అని పెట్టాడు. ఫలితం వచ్చింది. పుత్తూరు అబ్బాయికి ఎస్వీ, పలమనేరు అమ్మాయికి కుప్పం, మదనపల్లె అబ్బాయికి అపోలో. ముగ్గురి వేళలనూ తారుమారు చేసి చూసినా ఇదే ఫలితం. మదనపల్లె అబ్బాయి గడువు మొదలైన మొదటి క్షణంలో పెట్టినా ఎస్వీ రాదు.

మారేది ఆప్షన్ల వరస మారినప్పుడు. "ఎస్వీ ఎట్లా రాదు, కుప్పం దూరం, అపోలో ముందు పెట్టు" అని ఎవరో చెప్పిన మాట విని పలమనేరు అమ్మాయి తన వరస తిప్పి ఉంటే, ఆమెకు అపోలో వచ్చేది, మదనపల్లె అబ్బాయి కుప్పం వెళ్లేవాడు. తనకు కుప్పం ఇష్టమై కూడా అపోలోలో చేరడం ఆ సలహా పుణ్యం. ఏ రోజు పెట్టాలా అని తల పట్టుకునే కుటుంబాలు ఏది ముందు రాయాలన్న విషయాన్ని పది నిమిషాల్లో తేల్చేస్తాయి. చాలా ఇళ్లలో ఆ వరసను నెట్ సెంటర్ కుర్రవాడే టకటకా కొట్టేస్తాడు. ఇష్టమైన కాలేజీని పైన రాస్తే కిందిది చేజారుతుందన్న భయం కూడా ఇలాంటిదే. పై ఆప్షన్ దక్కనంత మాత్రాన కింది ఆప్షన్‌కు ఆ విద్యార్థి వరస ఏమీ వెనక్కి పోదు. ర్యాంకు ప్రకారమే తన వంతు వచ్చింది, ఆ వంతులోనే పైనుంచి కిందిదాకా అన్నీ చూస్తారు.

ఇంత సూటిగా ఉన్న పద్ధతి మీద ఇంత తప్పు నమ్మకం ఎలా పుట్టిందంటే, దానికి కొంత చరిత్ర ఉంది. ఎంబీబీఎస్ ఎంపిక చాలాకాలం మనుషులు ఎదురెదురుగా కూర్చునే పని. చిత్తూరు జిల్లా 1911లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడింది. 1960లో తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చేదాకా ఇక్కడి పిల్లలు డాక్టరు చదువుకు బయటి ఊళ్లకే పోవాలి. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో ఎంపికకు ఇంటర్వ్యూ మామూలు. మైసూరు రాష్ట్రం ఇంటర్వ్యూకు 25 శాతం మార్కులు పెట్టడాన్ని 1964లో చిత్రలేఖ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. ఆరేళ్లకు పెరియకరుప్పన్ కేసు వచ్చేసరికి తమిళనాడు పద్ధతి బోనెక్కింది. అక్కడ మొత్తం 275 మార్కుల్లో 75 ఇంటర్వ్యూవి. కాలేజీలను యూనిట్లుగా విడగొట్టి ఎంపిక కూడా యూనిట్ల వారీగానే చేశారు. ఒక యూనిట్‌లో సీటు దొరికిన మార్కులకు ఇంకో యూనిట్‌లో దొరకలేదు. యూనిట్ల వారీ ఎంపికను కోర్టు కొట్టేసింది. ఆనాడు అభ్యర్థి తలరాతను మార్చింది ఇంటర్వ్యూ వేళ కాదు, ఎవరి ముందు కూర్చున్నాడన్నది, ఏ గుంపులో పడ్డాడన్నది. 1980లో అజయ్ హాసియా కేసులో శ్రీనగర్ ఇంజినీరింగ్ కాలేజీ ఎంపికను పరిశీలించినప్పుడు, ఒక్కో అభ్యర్థితో రెండు మూడు నిమిషాలు మాట్లాడి మూడో వంతు మార్కులు వేస్తున్నారని తేలింది. ఇంటర్వ్యూకు 15 శాతం దాటి కేటాయించకూడదని కోర్టు చెప్పింది అప్పుడే.

ఆంధ్రప్రదేశ్ ఈ గొడవ నుంచి ముందే తప్పుకుంది. వైద్య కళాశాలల ప్రవేశాలకు రాష్ట్రం పెట్టిన ప్రవేశపరీక్షను 1971లో లావు నరేంద్రనాథ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తరవాత ఎంసెట్, దాని తరవాత 2017 నుంచి నీట్. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్‌కు ఇంటర్వ్యూ అంటే ఏమిటో ఇప్పుడు చదివే పిల్లలకే కాదు, వాళ్ల తల్లిదండ్రులకు కూడా తెలియదు. అయినా పాత మాటల బలం పోలేదు. కారణం ఎంసెట్ రోజుల కౌన్సెలింగ్. అప్పట్లో అభ్యర్థులు ధ్రువపత్రాల ఫైలు చంకలో పెట్టుకుని స్వయంగా వెళ్లాలి. విజయవాడలో విశ్వవిద్యాలయమే కాక తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ వంటి చోట్ల కూడా కేంద్రాలుండేవి. ఈ రోజు ఈ ర్యాంకు నుంచి ఈ ర్యాంకు వరకు అని పిలిచేవాళ్లు. హాల్లో మిగిలిన సీట్ల లెక్క తగ్గుతూ పోయేది. ఉదయం పూట పిలుపు వచ్చినవాళ్లు ఎస్వీ మెడికల్ కాలేజీ కోరుకుంటే, సాయంత్రానికి వచ్చినవాళ్లకు అది అయిపోయి ఉండేది. బయట చెట్టు కింద ఎదురుచూస్తున్న తండ్రికి కనబడింది ఒక్కటే: ముందు లోపలికెళ్లినవాడు మంచి సీటుతో బయటికొచ్చాడు. వాడు ముందు వెళ్లింది ర్యాంకు పైనుండడం వల్లనేనని గుర్తుచేసేవాడు అక్కడ లేడు. ఫలితాన్ని కారణంగా పొరబడడం అక్కడే మొదలైంది. వెబ్ ఆప్షన్లు వచ్చి పిలుపు వరస కనబడకుండా పోయాక, ఆ స్థానంలో క్లిక్ వరసను ఊహించుకున్నారు.

ఇంటర్వ్యూ అన్న మాట ఈ ప్రాంతంలో ఇంకొంతకాలం బతకడానికి పొరుగునే ఉన్న వేలూరు కారణం. చిత్తూరు నుంచి గంట ప్రయాణం కూడా లేని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ తన ఎంబీబీఎస్ ఎంపికలో రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూనూ దశాబ్దాలు నడిపింది. ఐడా స్కడర్ 1918లో స్త్రీల కోసం మొదలుపెట్టిన వైద్య పాఠశాల అది. సేవాభావం ఉన్నవాళ్లను ఏరుకోవాలంటే మనిషిని చూడాల్సిందేనని ఆ సంస్థ వాదన. ఆ వాదనతోనే నీట్ మీద కోర్టుకెక్కింది. 2013 జూలైలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు నీట్‌ను కొట్టేసింది, 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును కోర్టే వెనక్కి తీసుకుంది. 2017లో వేలూరు కళాశాల తనకున్న 100 ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటే నింపి మిగతా 99 ఖాళీగా ఉంచింది. చివరికి 2020 ఏప్రిల్‌లో మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని కోర్టు తేల్చింది. మనిషిని ఎదురుగా చూసి ఎంచుకోవాలా, మార్కులు చూసి ఎంచుకోవాలా అన్నది నిజంగా వాదించదగ్గ ప్రశ్నే. వేలూరు పట్టుదలను కొట్టిపారేయడం తేలిక కాదు. కానీ ఆ వాదన అంతా ఇంటర్వ్యూ ఉండాలా వద్దా అన్నదాని మీదే నడిచింది. ముందు రోజు పిలుపొస్తే లాభం, ఆఖరి రోజు పిలుపొస్తే నష్టం అన్నది బస్టాండు కబురు.

సముద్రం అవతలి నుంచి వచ్చే మాట ఈ నమ్మకానికి కొత్త బలం ఇస్తోంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి మెడికల్ స్కూళ్ల సంగతులు చెబుతుంటాయి. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అక్కడ చాలా స్కూళ్లు దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే చూసి, ఇంటర్వ్యూలు చేసి, సీట్లు ఇస్తూ పోతాయి. ఉమ్మడి దరఖాస్తు విధానం ఆమ్‌కాస్ (AMCAS) ఏటా మే నెలలో మొదలవుతుంది. మామూలు దరఖాస్తుదారులకు అక్టోబరు 15 నుంచి సీటు కబుర్లు అందుతాయి. మార్చిలో ఇంటర్వ్యూకు వెళ్లేవాడికి సెప్టెంబరులో వెళ్లినవాడికి ఉన్నన్ని సీట్లు మిగిలి ఉండవు. అక్కడ వేళకు విలువ ఉంది. అయితే అక్కడా దాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పుకుంటారు. సెప్టెంబరులో పిలుపు అందుకునేవాళ్లలో ఎక్కువమంది మొదటినుంచీ గట్టి దరఖాస్తు ఉన్నవాళ్లే. వాళ్లకు సీట్లు ఎక్కువ రావడంలో వేళ పాత్ర ఎంత, ప్రతిభ పాత్ర ఎంత అని విడదీయడం అంత సులువు కాదు. అందరి ఇంటర్వ్యూలూ పూర్తయ్యేదాకా ఎవరికీ మాట చెప్పని స్కూళ్లూ ఉన్నాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ముందస్తు సీట్లు పోగా మిగిలినవాటిని విద్యార్థుల ఇష్టాల వరస, స్కూళ్ల ఇష్టాల వరస రెండూ కలిపి ఒకేసారి పంచుతారు. డాలస్ మామయ్య చెప్పిన మాట డాలస్‌లోనైనా కొంతవరకే నిజం. అది రేణిగుంటలో విమానం దిగేసరికి పూర్తిగా అబద్ధమవుతుంది.

ముందు పెట్టాలన్న పక్షం వాళ్లు చూపే సాక్ష్యం ఎప్పుడూ ఒకటే: మా వాడు మొదటి రోజే పెట్టాడు, మొదటి విడతలోనే వచ్చింది. ఇది సాక్ష్యం కాదు. మొదటి రోజే పెట్టేవాళ్లలో ఏ కాలేజీ కావాలో ముందే తేల్చుకున్న మంచి ర్యాంకు పిల్లలు ఎక్కువ. అంచున ఉన్న ర్యాంకు వాళ్లే నిరుటి కట్-ఆఫ్‌లు ముందేసుకుని ఆఖరి రోజుదాకా తర్జనభర్జన పడతారు. మొదటి రోజు పెట్టీ సీటు రానివాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు, వాళ్లు అప్పటికే లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరి ఉంటారు.

వేళకు నిజంగానే కాస్త చోటిచ్చిన నిబంధన ఒకటి మాత్రం వచ్చి పోయింది. దాన్ని దాచడం న్యాయం కాదు. 22 లక్షల మందికి పైగా రాసే పరీక్షలో మొత్తం మార్కులు 720 అయినప్పుడు ఒకే మార్కు దగ్గర వేలమంది పోగవుతారు. వాళ్లను విడదీయడానికి మొదట జీవశాస్త్రం, తరవాత రసాయనశాస్త్రం, ఆపైన భౌతికశాస్త్రం మార్కులు చూస్తారు, అటుపైన తప్పు జవాబుల నిష్పత్తి. 2022 నీట్‌లో ఇవన్నీ సమానమైతే వయసు, అదీ సమానమైతే దరఖాస్తు సంఖ్య చూస్తామని రాశారు. చిన్న సంఖ్య ఉన్నవాడు ముందు. అంటే ముందు దరఖాస్తు చేసినవాడికి, అన్ని మెట్లూ దాటాక, ఒక పిసరు మేలు. ఆ మెట్టుదాకా వెళ్లే జంటలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. తరవాత ఆ నిబంధన తీసేశారు. 2025లో ఆ ఆఖరి మెట్టుకు యాదృచ్ఛిక పద్ధతి పెట్టారు. పైగా ఆ నిబంధన చెప్పింది పరీక్షకు దరఖాస్తు గురించి, కౌన్సెలింగ్ ఆప్షన్ల గురించి కాదు.

గంటల నమ్మకానికి అన్నలాంటిది విడతల నమ్మకం. మొదటి విడతలో వచ్చిందే సీటు, తరవాత మిగిలేది తాలు అన్నది దాని సారం. ఇది కొంచెం జాగ్రత్తగా ఖండించాల్సిన మాట, ఎందుకంటే విడతలు మారితే ఫలితం నిజంగానే మారుతుంది. మారేది మాత్రం ఎక్కువగా కింది ర్యాంకు వాళ్లకు మేలయ్యే వైపుకే. మొదటి విడతలో ఎస్వీ మెడికల్ కాలేజీలో చేరిన విద్యార్థికి జాతీయ కోటాలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో సీటు వస్తే వెళ్లిపోతాడు. ఆ ఖాళీలోకి కుప్పంలో ఉన్న విద్యార్థి జరుగుతాడు. కుప్పం ఖాళీలోకి ఇంకొకరు. కౌన్సెలింగ్ భాషలో దీన్ని స్లైడింగ్ అంటారు. 2001 నాటి జీఓ 550 ఇందులో ఇంకో మడత పెట్టింది. రిజర్వేషన్ ఉన్న విద్యార్థి ఓపెన్ మెరిట్‌లో సీటు పొందే ర్యాంకు ఉండీ, తన కేటగిరీలో ఇంకో మంచి కాలేజీకి వెళ్లినప్పుడు, అతను వదిలిన ఓపెన్ సీటు ఆ కేటగిరీ వాళ్లకే వెళ్లాలన్నది దాని ఉద్దేశం. ఈ జీఓ అమలు మీద కోర్టుల్లో నడిచిన తగవులు వేరే కథ. ఇక్కడ చెప్పాల్సిందల్లా ఇంతే: ఒక్క సీటు ఖాళీ అయితే దాని వెనక నలుగురైదుగురు కదులుతారు, కాబట్టి ఒక కాలేజీలో ఆఖరున సీటొచ్చిన ర్యాంకు విడత విడతకూ సాధారణంగా కిందికే జారుతుంది.

మొదటి విడతలో ఏదో ఒకటి దొరికితే చాలని భయపడి, ఇష్టంలేని దూరపు కాలేజీని పైన రాసుకునేవాళ్లు ఈ సంగతి తెలియక నష్టపోతున్నారు. రెండో విడతలో ఇంకో పొరపాటుకు చోటుంది. స్లైడింగ్‌లో కొత్త సీటు వస్తే పాతది తనంతట తానే రద్దయి తరవాతివాళ్లకు వెళ్లిపోతుంది. ఉన్న సీటు కన్నా మెరుగైనవే రాసుకోవాల్సిన చోట, ఆప్షన్లు నిండుగా ఉండాలని చేతికొచ్చిన కాలేజీలన్నీ నింపి, చేతిలోని మంచి సీటు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లంతా ఆప్షన్లు తొందరగానే పెట్టారు.

లోకల్ ఏరియా లెక్క కూడా ఈ తొందర పక్షానికి పట్టదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు పాత జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ ఏరియా కిందికి వస్తాయి. తిరుపతి విద్యార్థికి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో పోటీ పడడానికి మిగిలేది చిన్న వాటా. అదే ర్యాంకుతో ఎస్వీలోనో, కర్నూలులోనో, కడప రిమ్స్‌లోనో అవకాశం ఎన్నో రెట్లు. ర్యాంకు, కేటగిరీ, ఏరియా అన్న ఈ మూడూ దాదాపు మొత్తం కథ. విద్యార్థి చేతిలో మిగిలేది ఆప్షన్ల వరస ఒక్కటే.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా గడియారం అవసరమయ్యే చోట్లు ఉన్నాయి. ఆప్షన్ల ఆఖరి గంటలో సర్వర్ నిలిచిపోతే, ఓటీపీ రాకపోతే, పుత్తూరు అబ్బాయి లాంటి వాడి పై ర్యాంకు కూడా పనికిరాదు. గడువు దాటినవాడికి చోటు లేదు కాబట్టి, ముందు పెట్టమనే సలహాలో నిజమున్నది ఇంతవరకే. అది సీటు అవకాశం పెరగడం కాదు, పోగొట్టుకోకుండా ఉండడం. సీటు వచ్చాక చెప్పిన తేదీ, చెప్పిన వేళకు కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లతో చేరకపోతే అది పోతుంది. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోకుండా పాతది తెచ్చి, తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఆఖరి రెండు రోజులు తిరిగే కుటుంబాలు ప్రతి ఏడూ ఉంటాయి. జాతీయ కోటాలో ఏ విడతలో చేరితే వదులుకోవచ్చు, ఏ విడత దాటాక వదిలితే డిపాజిట్ పోతుంది, రాష్ట్ర కౌన్సెలింగ్‌కు దూరమవుతారు అన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆ కాగితం చదవడానికి పెట్టే గంట, అర్ధరాత్రి క్లిక్ కోసం మేలుకునే గంట కన్నా ఎక్కువ పనికొస్తుంది.

వేళ వల్ల తక్కువ మెరిట్‌కు సీటు దక్కిన సందర్భమూ దేశంలో ఉంది, అది ఎలా జరిగిందో చూడాలి. 2006లో ఛత్తీస్‌గఢ్‌లోని జగ్‌దల్‌పూర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్రవేశాల ఆఖరి రోజు సెప్టెంబరు 30. ఆ రోజే మిగిలిన రెండు సీట్లు మెరిట్‌లో తమకన్నా పైనున్నవాళ్లను దాటి ఇద్దరు విద్యార్థినులకు వెళ్లాయి. వాళ్లలో ఒకరు ఆ రాష్ట్ర వైద్యవిద్య ఉన్నతాధికారి కుమార్తె. కబురు సరిగా ప్రకటించకుండా, తెలిసినవాళ్లకే తెలిసేలా నడిపిన ఆ తతంగాన్ని 2012లో ప్రియా గుప్తా కేసులో సుప్రీంకోర్టు తూర్పారబట్టింది. అప్పటికి చదువు చాలావరకు అయిపోవడంతో కొనసాగనిచ్చినా, ఒక్కొక్కరు ఐదు లక్షల రూపాయలు కట్టాలంది. ప్రవేశాల తేదీలను దేశమంతా కచ్చితంగా పాటించాలని నిర్దేశాలిచ్చింది. అక్కడ కూడా వేళ మహిమ లేదు. గడియారం చాటున జరిగింది పైరవీ. మిగిలిపోయిన సీట్లకు సైతం ఇప్పుడు ఆన్‌లైన్‌లో, మెరిట్ ప్రకారం స్ట్రే విడత నడుపుతున్నది ఇలాంటి ఆఖరి గంట మాయలకు తావు లేకుండా చేయడానికే.

ఈ నమ్మకం వల్ల లాభపడేవాళ్లు కన్సల్టెన్సీ బోర్డులు పెట్టుకున్నవాళ్లు. ముందుగా బుక్ చేసుకుంటే బీ కేటగిరీ సీటు ఖాయం అని వాళ్లు చెప్పే మాటకు కూడా ఒకప్పుడు ఆధారం ఉండేది. మేనేజ్‌మెంట్ సీట్లు కాలేజీల చేతిలో ఉన్న రోజుల్లో ముందు డబ్బు కట్టినవాడిదే సీటు. నీట్ వచ్చాక బీ, సీ కేటగిరీలకు కూడా విశ్వవిద్యాలయమే ప్రకటన ఇచ్చి, నీట్ మెరిట్ చూసి, ఆప్షన్ల ప్రకారం కేటాయిస్తోంది. అడ్వాన్సు తీసుకున్నవాడు ఆ వరసలో ఒక్క అంగుళం కూడా ముందుకు జరపలేడు. ర్యాంకు ఉండి సీటొస్తే తన ఘనత అంటాడు, రాకపోతే ఆలస్యంగా వచ్చారంటాడు. రెండో మాటను జనం నమ్మడం వల్లే అడ్వాన్సు వెనక్కి అడిగే గొంతు తగ్గిపోతుంది.

ప్రతి విడత తరవాత విశ్వవిద్యాలయం పెట్టే కేటాయింపు జాబితాను ఎవరైనా తెరిచి చూడవచ్చు. నీట్ ర్యాంకు, స్కోరు, కేటగిరీ, లోకల్ ఏరియా, సీటు ఏ కోటాలో వచ్చింది, ఏ విడతలో వచ్చింది అన్న గడులు వరసగా ఉంటాయి. ఆప్షన్లు ఏ రోజు, ఏ గంటకు పెట్టారన్న గడి అందులో లేదు.